యాభై నిండేదాకా

కుర్చీ వేసినా కూర్చోని మనిషిని నమ్మకూడదని వెంకటప్పయ్య మొదటి రోజే తేల్చేశాడు.

ఆ సోమవారం పొద్దున యూనివర్సిటీ పరీక్షల విభాగానికి వచ్చిన మనిషి నిజంగానే కూర్చోలేదు. పేరు కిరీటి. ముప్పై దాటి ఉంటాయి. ఉయ్యూరు దగ్గర చెరకు రైతుల ఇంటి పిల్లవాడు. మద్రాసు వైపు కార్ల సామాన్లు చేసే ఫ్యాక్టరీలో పనిచేసి, ఇప్పుడు ఏదో కంపెనీ తరఫున ఆఫీసులు బాగుచేసే పని మీద తిరుగుతున్నాడు. చేతిలో కాగితాలు బిగించిన అట్ట, మెడలో తాడుకి వేలాడే గడియారం. సూపరింటెండెంట్ మాణిక్యం మేడం కుర్చీ వేయించింది, కాఫీ తెప్పించింది. అతను కాఫీ తాగాడు గానీ నిలబడే తాగాడు. తాగుతున్నంతసేపూ గది నాలుగు మూలలూ చూస్తూనే ఉన్నాడు.

మెట్ల కింద తన రేకు పెట్టె మీద కూర్చుని అటెండరు ఖాలిక్ అతన్ని చూస్తున్నాడు.

బెంజ్ సర్కిల్ నుంచి లోపలికి పోయే సందులో ఒకప్పటి రైసు మిల్లు అది. మిల్లు మూతపడ్డాక యూనివర్సిటీ కొని, గోడలు కట్టి గదులు చేసింది. కింద పరీక్షల విభాగం, మేడ మీద రిజిస్ట్రారు గారు. డిగ్రీ పాసైన పిల్లలకి ఒరిజినల్ పట్టాలు అక్కడే తయారవుతాయి. అర్జీ పెట్టిన రోజు నుంచి పట్టా చేతికి రావడానికి నలభై ఒక్క రోజులు పడుతోందని పేపర్లో పడింది. పెద్దాయన వైస్ చాన్సలర్ గారికి తల కొట్టేసినట్టయింది. హైదరాబాదులో ఏదో మీటింగులో ఫ్యాక్టరీల వాళ్లు చెప్పిన మాట ఆయన చెవిన పడింది. లీన్ అని ఒక పద్ధతి ఉందట, అది పెడితే పని పరుగులు పెడుతుందట. ఆ పద్ధతి పెట్టడానికే ఈ కిరీటి దిగాడు. మూడు వారాలు చూస్తాడు, రిపోర్టు రాస్తాడు. రిపోర్టు నెలాఖరున పాలకమండలి ముందుకు వెళుతుంది.

ఖాలిక్ గుండెలో రాయి పడింది ఇక్కడే. ఆ మీటింగులోనే ఎన్.ఎమ్.ఆర్. వాళ్లని పర్మనెంట్ చేసే సంగతి కూడా తేలబోతోంది. ఎన్.ఎమ్.ఆర్. అంటే హాజరు పట్టీ కూలీ. పట్టీలో పేరుంటే ఆ రోజుకి మనిషి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఖాలిక్ పదిహేడేళ్లుగా ఆ పట్టీలోనే ఉన్నాడు. ఇరవై ఆరేళ్లప్పుడు చేరాడు, గడ్డం నెరిసింది. ఇదిగో అదిగో అంటూ ఫైలు ఇన్నాళ్లకి మండలి గడప దాకా వచ్చింది.

"లీన్ అంటే పెద్ద విద్యేం కాదండీ," అని కిరీటి అందర్నీ నిలబెట్టి చెప్పాడు. "పనిలో పనికిరానిది ఏదో కనిపెట్టి తీసేయడం. అంతే."

"విన్నావుగా," అన్నాడు వెంకటప్పయ్య, ఖాలిక్ చెవి దగ్గర. ఆయన సీనియర్ అసిస్టెంటు. మార్కుల రిజిస్టరు చూసి పట్టా రాసేది ఆయనే. "పనికిరానిది అంటే బల్లలూ బీరువాలూ కాదు. నువ్వూ నేనూ."

"మీరు పర్మనెంట్ కదండీ. మీకేం."

"అందుకే నీ సంగతే చెబుతున్నా."

మధ్యాహ్నానికి ఎర్ర చీటీలు మొదలయ్యాయి. నెల రోజులుగా ఎవరూ ముట్టని వస్తువు మీదల్లా కిరీటి ఎర్ర చీటీ అంటించుకుంటూ పోయాడు. రెక్క విరిగిన ఫ్యానుకి అంటించాడు. టైపు మిషనుకి అంటించాడు. అడుగు ఊడిన గంగాళానికి, మూడు కాళ్ల కుర్చీకి, పదమూడేళ్ల నాటి క్యాలెండరుకి కూడా అంటించాడు. ఏడు రోజుల్లో ఎవరూ కావాలనకపోతే ఆ సామానంతా పెరట్లోకి పోతుంది. అలా అంటిస్తూ అంటిస్తూ మెట్ల దగ్గరికి వచ్చాడు. ఖాలిక్ లేచి నిలబడ్డాడు.

"ఈ పెట్టె ఏంటండీ, ఖాలిక్ గారూ?"

గారు అన్నాడు. పదిహేడేళ్లలో ఆ ఆఫీసులో తనని గారు అన్నవాడు లేడు. బక్రీదు మేకకి ముందు రోజు శనగలు పెట్టినట్టు అనిపించింది ఖాలిక్‌కి.

"కూర్చునేది సార్. నాకు కుర్చీ లేదు. రోజూ దీని మీదే కూర్చుంటా."

"రోజూ వాడేదైతే దీనికి చీటీ అక్కర్లేదు," అని అతను పక్కకి వెళ్లిపోయాడు. వెళుతూ మళ్లీ ఒకసారి వెనక్కి చూశాడు. పెట్టెని చూశాడో మనిషిని చూశాడో తెలియలేదు.

మర్నాడు పిలిచి నడుముకి ఒక చిన్న డబ్బా తగిలించాడు. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది. దాని కిటికీలో అంకెలు తిరుగుతున్నాయి.

"ఇదేం చేస్తుంది సార్?"

"మీరు రోజుకి ఎన్ని అడుగులు వేస్తారో లెక్కపెడుతుంది. భయపడకండి. మీరు మామూలుగా పని చేసుకోండి."

భయపడకండి అన్న మాటతో ఉన్న ధైర్యం కూడా పోయింది. ఆ సాయంత్రం వించిపేటలో ఇంటికి వెళ్లి భార్య షహజాదికి డబ్బా చూపించాడు. ఆవిడ చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, ఊపి చూసింది.

"ఇందులో ఆలోచించడానికేముంది," అంది. "కూలికి వెళ్లినవాడు ఎంత తవ్వితే అంత పని. మీది నడిచే పని. ఎంత నడిస్తే అంత పని చేసినట్టు. తక్కువ అంకె పడితే ఈ మనిషి దేనికని అడుగుతారు. నడవండి."

నడిచాడు. ఒక్కసారే తీసుకెళ్లే నాలుగు ఫైళ్లని నాలుగుసార్లు తీసుకెళ్లాడు. పక్క గదికి వెళ్లాలంటే పెరట్లోంచి బిల్డింగు చుట్టి వెళ్లాడు. టీ గ్లాసులు ఒక్కొక్కటిగా తెచ్చాడు. అన్నం తిన్నాక సందు చివరిదాకా వెళ్లి, బెంజ్ సర్కిల్లో బస్సులు చూసి వచ్చాడు. డబ్బా కిటికీలో అంకె పెరుగుతుంటే కడుపు నిండినట్టు ఉండేది. వెంకటప్పయ్య కళ్లజోడు పైనుంచి చూసి, "ఏంటయ్యా, కాలుకాలిన పిల్లిలాగా," అన్నాడు. చెబితే ఆయన కూడా డబ్బా అడుగుతాడని ఖాలిక్ ఇంకో గ్లాసు కోసం వెళ్లిపోయాడు.

మూడో రోజు సాయంత్రం కిటికీలో ఆ రోజు అంకె ఇరవై నాలుగు వేల ఆరువందలు ఉంది. కిరీటి చూసి కళ్లు పెద్దవి చేశాడు. గోడకి తగిలించిన పెద్ద కాగితం మీద ఆ అంకె వేసి, పక్కన రాశాడు. ఖాలిక్ కూడబలుక్కుని చదువుకున్నాడు. 'అటెండరు నడక: వృథా.'

ఆ మాట చదివాక కాళ్లు రెండూ ఒక్కసారి నొప్పెట్టాయి.

శుక్రవారం పొద్దున కిరీటి అతని వెంట తనూ నడిచాడు. కింద అన్ని గదులూ తిరిగి, ఇరవై రెండు మెట్లూ ఎక్కి, దిగి వచ్చి, అట్ట మీద ఏదో వేసుకుని అన్నాడు.

"ఖాలిక్ గారూ, నేనెంత లాగినా రోజుకి నాలుగు వేల అడుగులు దాటవు. మిగతా ఇరవై వేలు ఎక్కడివండీ?"

అబద్ధం దొరకలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పెరడు చెప్పాడు, టీ గ్లాసులు చెప్పాడు, సందు చివర బస్సులు కూడా చెప్పాడు. కిరీటి నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. ఆ నవ్వు చూస్తే ఖాలిక్‌కి ఇంకా అనుమానం పెరిగింది. కోప్పడేవాడు ఎంతవరకు వెళతాడో తెలుస్తుంది. నవ్వేవాడి సంగతి తెలియదు.

"తప్పు నాదేనండీ. ఎందుకో చెప్పకుండా తగిలించాను," అని కిరీటి డబ్బా ఊడదీసుకున్నాడు. గోడ మీది మాట కొట్టేశాడు. "ఒక సంగతి చెప్పనా. నలభై ఒక్క రోజుల్లో రాసేదీ, సరిచూసేదీ, సంతకం పెట్టేదీ, మీరు మోసేదీ అన్నీ కలిపితే మూడు గంటలు. మిగతా రోజులన్నీ కాగితం ఎక్కడో ఒకచోట కూర్చుని ఉంటోంది. నేను వెతికేది నడిచే మనిషిని కాదు. కూర్చున్న కాగితాన్ని."

"అలాగే సార్," అన్నాడు ఖాలిక్. ఒక్క ముక్క నమ్మలేదు.

కాగితం ఎక్కడ కూర్చుంటోందో కిరీటికి రెండు రోజుల్లో తెలిసిపోయింది. మాణిక్యం మేడం బీరువాలో. రాసి, సరిచూసి, అంతా అయిపోయిన పట్టాలు అక్కడ ఇరవై రోజులు, ఒక్కోసారి ఇరవై అయిదు రోజులు పడుకుంటున్నాయి.

"ఎందుకండీ, మేడం?"

"యాభై నిండాలిగా," అంది ఆవిడ. ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

"యాభై ఎందుకు?"

"యాభై కట్టే పైకి వెళుతుంది. యాభై అయితేనే రిజిస్ట్రారు గారు సంతకాలు పెడతారు. నేను తొంభై ఆరులో ఈ సీటుకి వచ్చాను. అప్పటికే ఇంతే."

కిరీటి మేడ ఎక్కాడు. వెనకాల ఫైలు పట్టుకుని ఖాలిక్. పైన రిజిస్ట్రారు గారి పి.ఎ. రుచిత ఉంది, చేరి రెండేళ్లయింది.

"మేమెప్పుడన్నాం యాభై అని?" అంది రుచిత. "వాళ్లు యాభై పంపుతారు, మేం యాభై పెట్టిస్తాం. ఒకటి పంపితే ఒకటి పెట్టిస్తాం. ఎందుకు ఆపుతున్నారో ఆవిడ్నే అడగండి."

చివరి మాటని ఆ అమ్మాయి కొంచెం సాగదీసి అంది. అంతే, నిప్పు అంటుకుంది.

రూల్సు పుస్తకం తీశారు. యాభై లేదు. పాత సర్క్యులర్లు దులిపారు. దుమ్ము వచ్చింది గానీ యాభై రాలేదు. కిరీటి గోడ కాగితం మీద పెద్ద అక్షరాలతో 'యాభై ఎందుకు?' అని రాసి వదిలాడు. ఆ రోజు నుంచి ఆఫీసులో మాటలు తగ్గి చూపులు ఎక్కువయ్యాయి. ఇరవై రోజులు పట్టా బీరువాలో పెట్టుకుంటే మరి తొందరున్న పిల్లలు ఏం చేస్తారు, వచ్చి బతిమాలుకుంటారు, ఉత్తినే బతిమాలుకుంటారా అని వెంకటప్పయ్య ఎవరితోనో అన్నాడు. అన్నవాడు ఒకడైతే విన్నవాళ్లు పదిమంది. మాణిక్యం మేడం బల్ల దగ్గరికి టీకి వచ్చేవాళ్లు రావడం మానేశారు. ఆవిడ ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఎవరి దగ్గరా ఒక చాక్లెట్టు కూడా పుచ్చుకోని మనిషి. వచ్చే ఏడు రిటైరు కావాలి.

రెండో వారంలో రిజిస్ట్రారు గారి దగ్గర్నుంచి ఆవిడకి మెమో దిగింది. పూర్తయిన పట్టాలను వారాల తరబడి ఎందుకు నిలిపి ఉంచారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

"నేను కారణం అడిగాను గానీ మనిషిని అడగలేదండీ," అన్నాడు కిరీటి, మెమో సంగతి తెలిసి. మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"కారణాలకి మెమోలు ఇవ్వరు నాయనా," అంది మేడం. "మనుషులకే ఇస్తారు."

ఆ మధ్యాహ్నం కిటికీ దగ్గరికి ఫౌజియా వచ్చింది. మంగళగిరి నుంచి బస్సులో రావడం అది అయిదోసారి. నేత మగ్గం ఇంటి పక్కన టైలరింగు చేసే తల్లి ఒక్కతే కష్టపడి డిగ్రీ చదివించింది. స్కూల్లో టీచరు పోస్టు వచ్చింది, ఇరవయ్యో తేదీలోగా ఒరిజినల్ పట్టా చూపించాలి. లేకపోతే జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. ఇవాళ పదిహేడు.

"చాచా, ఇంకా ఎన్ని రావాలి?"

ఖాలిక్ లెక్క చూసి వచ్చాడు. ఆ అమ్మాయి పట్టా రాయడం అయిపోయి పది రోజులైంది. కట్టలో ముప్పై ఏడు ఉన్నాయి.

"పదమూడు రావాలమ్మా."

"అవి వచ్చేదాకా నాది పైకి వెళ్లదా? నాది నాకేగా, వాళ్లతో పనేంటి?" అని ఆ పిల్ల కిటికీ ఊచ పట్టుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "అసలు యాభై ఎందుకు చాచా?"

కిరీటి మేడంని అడిగాడు, వెంకటప్పయ్యని అడిగాడు, మేడ మీద అడిగాడు. మెట్ల కింద మనిషిని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడిగింది ఈ పిల్ల. ఖాలిక్ పెట్టె మీద కూర్చుని, మడమతో పెట్టెని తట్టాడు. ఠంగుమంది. ఖాళీ పెట్టె మోత.

ఆ మోత వినగానే యాభై ఎక్కడ పుట్టిందో గుర్తొచ్చింది.

ఎనభై తొమ్మిది ఎండాకాలం. తను చేరిన కొత్త. అప్పట్లో రిజిస్ట్రారు ఆఫీసు ఇక్కడ లేదు. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మేడ మీద రెండు గదులు అద్దెకి తీసుకుని ఉండేది. రాసిన పట్టాలు సైకిలు మీద అక్కడిదాకా తీసుకెళ్లాలి. సంతకాలయ్యేదాకా కూర్చుని మళ్లీ తేవాలి. నాలుగు పట్టాలు తయారైతే నాలుగు, రెండైతే రెండు. రోజూ ఎర్రటి ఎండ. అప్పటి సూపరింటెండెంట్ తెరేసమ్మ గారు మంచి మనిషి. ఒకరోజు ఆవిడ దగ్గర నిలబడి తనే అన్నాడు. అమ్మగారూ, రెండు కాగితాల కోసం రోజూ అంతదూరం తొక్కలేకపోతున్నా. సైకిలుకి కట్టే ఈ పెట్టెలో మడత పడకుండా అట్టలు వేసి పెడితే యాభై పడతాయి. యాభై నిండాక ఒక్కసారే తీసుకెళ్తాను. ఆవిడ కాసేపు చూసి, సరేలే అన్నారు. మర్చిపోకుండా పెట్టె మూత లోపలివైపు తెల్ల రంగుతో తనే రాశారు కూడా.

తొంభై అయిదులో రిజిస్ట్రారు ఆఫీసు ఈ మేడ మీదికి వచ్చేసింది. సైకిలు పోయింది. తెరేసమ్మ గారు అంతకు ముందే రిటైరై, తర్వాత రెండేళ్లకి కాలం చేశారు. యాభై మాత్రం ఉండిపోయింది. పెట్టె మీద తను కూర్చుని ఉండిపోయాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అటూ ఇటూ చూశాడు. ఎవరూ చూడటం లేదు. ఫౌజియా మాత్రం ఊచ పట్టుకునే ఉంది.

"రేపు రా తల్లీ," అన్నాడు.

ఇంట్లో షహజాది బియ్యం ఏరుతూ అంతా విన్నది. ఒక రాయి తీసి గుమ్మంలోకి విసిరి, అప్పుడు అంది.

"రాసినావిడ పోయారు. చూసినవాళ్లు లేరు. కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే పోతుంది."

"మరి మేడం?"

"ఆవిడకి సంజాయిషీ రాయడం వచ్చు. రాసుకుంటుంది. మీకు పట్టీలో పేరు తీసేస్తే ఏం రాస్తారు? మీ చదువు వేలిముద్రకి ఎక్కువ, సంతకానికి తక్కువ." మళ్లీ బియ్యంలోకి వంగి, గొంతు తగ్గించింది. "చెప్పొద్దనడం లేదు. పర్మనెంట్ కాగితం చేతికొచ్చాక చెప్పండి. పదిహేడేళ్లు ఆగిన మాట, పదిహేడు రోజులు ఆగలేదా?"

మర్నాడు పొద్దున ఎవరూ రాకముందే వెళ్లాడు, చొక్కా జేబులో కిరసనాయిలు గుడ్డ. పెట్టె మూత తెరిచాడు. తుప్పు వాసన. లోపల తెల్ల రంగు కొంచెం పెచ్చులూడింది గానీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. 'ఖాలిక్ కోరినందున, 50 నిండాక పంపాలి. తెరేసమ్మ. 11-5-89.'

పేరు కూడా ఉందని తను మర్చిపోయాడు. గుడ్డ తీశాడు.

"ఖాలిక్, కాసిని మంచినీళ్లు ఇవ్వవయ్యా."

లోపల్నుంచి మాణిక్యం మేడం. ఎప్పుడు వచ్చిందో, లైటు కూడా వేసుకోకుండా కిటికీ వెలుగులో కూర్చుని రాస్తోంది. బల్ల మీద మూడు కాగితాలు కొట్టివేతలతో నిండి ఉన్నాయి. ఖాలిక్ గుడ్డ జేబులో కుక్కుకుని మూత వేసి, నీళ్లు తీసుకెళ్లి ఇచ్చాడు. ఆవిడ గ్లాసు అందుకుని తాగకుండా పట్టుకుంది.

"చేతులు కిరసనాయిలు వాసన వస్తున్నాయేంటి?"

"స్టవ్వు అంటించి వచ్చానండీ."

"ముందు నుంచీ ఉన్న పద్ధతి అని రాశాను. ముందు అంటే ఎప్పటి నుంచి అంటారు. ఎవరు పెట్టారంటారు. తెలియదు అని రాస్తే ఈ సీట్లో పదేళ్లు ఏం చేశావంటారు." ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "నీక్కూడా నా మీద అనుమానమేనా ఖాలిక్? నిజం చెప్పు. నువ్వు చూస్తూనే ఉన్నావుగా ఇన్నేళ్లూ. ఎవరి దగ్గరైనా చెయ్యి చాపానా?"

"లేదండీ."

"ఆ మాట చెప్పేవాడు నువ్వొక్కడివే మిగిలావు," అని ఆవిడ మళ్లీ కలం తీసుకుంది.

ఖాలిక్ వెనక్కి వచ్చి పెట్టె మీద కూర్చోబోయాడు. కూర్చోలేకపోయాడు. రేకు కాలుతున్నట్టు అనిపించింది. కిరీటి వచ్చేదాకా మెట్ల పక్కన నిలబడే ఉన్నాడు. వెంకటప్పయ్య వచ్చి, "ఏంటి, నువ్వు కూడా కూర్చోవడం మానేశావా, ఆయన జబ్బు అంటిందా," అన్నాడు.

కిరీటి రాగానే పెట్టెని రెండు చేతులా ఎత్తి తీసుకెళ్లి, మాణిక్యం మేడం బల్ల మీద, ఆవిడ రాస్తున్న సంజాయిషీ మీదే దించాడు. మూత తెరిచాడు.

"యాభై ఎందుకు అని అడిగారుగా సార్. ఇందుకు."

ముగ్గురూ వంగి చదివారు. వెంకటప్పయ్య పైకే చదివాడు, ఒకటికి రెండుసార్లు. ఖాలిక్ గవర్నర్‌పేట సంగతి, ఎండ సంగతి, సైకిలు సంగతి చెప్పాడు. చెబుతూ కిరీటి చేతిలో కలాన్నే చూస్తున్నాడు. ఆ కలం ఇప్పుడు ఏం రాస్తే అదే తన సంగతి.

"అప్పుడు దూరం ఎంతండీ?" అన్నాడు కిరీటి.

"మూడు మైళ్లు ఉంటుంది సార్, పోను."

"ఇప్పుడు?"

"ఇరవై రెండు మెట్లు."

మాణిక్యం మేడం తెరేసమ్మ గారి అక్షరాలను వేలితో తడిమింది. ఖాలిక్ వైపు చూసింది. కఠినంగా ఒక మాట అంటుందనుకున్నాడు.

"పదకొండేళ్లు దీని మీద కూర్చున్నావు," అంది. "కోడిపెట్ట అయినా ఇరవై ఒక్క రోజులకి లేస్తుంది కదయ్యా."

వెంకటప్పయ్య నవ్వాడు. ఆ తర్వాత మేడం కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ. రాస్తున్న కాగితం పెట్టె కిందనుంచి లాగి, నాలుగు మడతలు పెట్టి చించేసింది.

ముప్పై ఏడు పట్టాలూ ఆ గంటలోనే మేడ ఎక్కాయి. పెట్టెతో సహా రిజిస్ట్రారు గారి గదిలోకి వెళ్లిన కిరీటి చాలాసేపటికి దిగాడు. మెమో వెనక్కి తీసుకున్నారు. పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం రెండున్నరకి ఫౌజియా కిటికీలోంచి పట్టా అందుకుంది. సంతకం సిరా ఆరిందో లేదో వేలితో చూసి, మళ్లీ చూసి, "అయిపోయిందా చాచా?" అంది, ఇందులో ఇంకా ఏదో మెలిక ఉందేమోనన్నట్టు.

"బస్సు దొరుకుతుంది, వెళ్లు," అన్నాడు ఖాలిక్.

సాయంత్రం పెట్టె కిందికి వచ్చింది. మూత మీద ఎర్ర చీటీ ఉంది. ఖాలిక్ దాన్ని చూసి, తర్వాత తన చొక్కా ముందూ వెనకా ఒకసారి చూసుకున్నాడు. కిరీటి గమనించాడు.

"రిపోర్టులో ఏం రాశారు సార్?"

కిరీటి అట్ట తిప్పి చూపించాడు. ఆలస్యానికి కారణం అన్న చోట రెండే మాటలు. సైకిలు పెట్టె.

"మనిషి పేరు?"

"ఆ గడి లేదండీ మా కాగితంలో."

"ఉండాలి కదా సార్. తప్పున్న చోట మనిషి ఉంటాడు."

"ఎండలో రోజూ అంతదూరం తొక్కలేనన్నారు. అది తప్పెలా అవుతుంది? దూరం పోయాక కూడా ఎవరూ ఎందుకని అడగలేదు. అది తప్పు. అందులో అందరూ ఉన్నారు."

"అలాగే సార్," అన్నాడు ఖాలిక్, మళ్లీ. ఈసారి సగం నమ్మాడు. మిగతా సగం మండలి మీటింగు దాకా దాచుకున్నాడు.

మండలి మీటింగు జరిగింది. తయారైన పట్టా ఆ రోజే పైకి వెళ్లాలని తీర్మానం చేశారు. నలభై ఒక్క రోజులు తొమ్మిదికి దిగాయి. ఎన్.ఎమ్.ఆర్. వాళ్ల జాబితా కూడా పాసైంది. పదహారు మంది. ఖాలిక్ పేరు ఏడోది. పేపర్లో వచ్చిందని వెంకటప్పయ్య చదివి వినిపించాడు. ఖాలిక్ మూడుసార్లు చదివించుకున్నాడు. షహజాదికి చెబితే ఆవిడ కాగితం ఏది అంది.

కాగితం రాలేదు. వారమైంది, రెండు వారాలైంది. నెల తిరిగింది. హాజరు పట్టీలో పేరు పట్టీలోనే ఉంది. పెట్టె తీసుకుని, మాట చెప్పించుకుని, చివరికి మోసం చేశారేమోనని ఖాలిక్‌కి లోపల గుబులు పట్టుకుంది. ఒక శనివారం సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మంగళగిరి బస్సెక్కి, యూనివర్సిటీ కొత్త బిల్డింగులో ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనుకి వెళ్లాడు. ఉద్యోగాల ఆర్డర్లు తయారయ్యేది అక్కడే.

అక్కడి గుమాస్తా బాలశౌరి, యాభై ఏళ్లవాడు, మంచి మనిషి. పేరు చెప్పగానే బీరువా తీశాడు. కట్ట విప్పి, ఏడో కాగితం తీసి చూపించాడు. ఖాలిక్ పేరు, తండ్రి పేరు, ఊరు, అన్నీ టైపు కొట్టి ఉన్నాయి. కింద సంతకం చోటు ఖాళీ.

"ఎప్పుడో తయారైందయ్యా నీది. నెల రోజులైంది. పైకి పంపాలంతే."

"మరి పంపలేదేంటండీ?"

"పదహారేగా ఉన్నాయి. ఇరవై అయిదు కావాలి." బాలశౌరి కట్ట మళ్లీ కట్టి బీరువాలో పెట్టి, తలుపు వేశాడు. "ఎవరెవరివో ప్రమోషన్లు ఉన్నాయి, తొమ్మిది వచ్చేస్తే వెళ్లిపోతుంది. ఎండలో పడి వచ్చావు. ఇదిగో, కుర్చీ లాక్కుని కూర్చో. టీ చెబుతా."

ఖాలిక్ కూర్చోలేదు. బీరువాని చూశాడు. గది నాలుగు మూలలూ చూశాడు. మర్యాదగానే అడిగాడు.

"ఇరవై అయిదు ఎందుకండీ?"

బాలశౌరి టీ చెప్పడానికి లేచినవాడు ఆగిపోయాడు. కుర్చీ వేసినా కూర్చోకుండా నిలబడ్డ ఆ మనిషిని తల నుంచి కాళ్ల దాకా అనుమానంగా చూశాడు.